అన్నం కలపడమూ చికిత్సే

పక్షవాతం స్వల్పమేనని చెప్పి వైద్యులు ఇంటికి పంపగానే మన కుటుంబాలలో ఒక సంరంభం మొదలవుతుంది. ఒకరు అన్నం కలిపి పెడతారు, మరొకరు చొక్కా గుండీలు పెడతారు. అది ప్రేమే, సందేహం లేదు. కాని ఆ ప్రేమ కోలుకోవలసిన చేతికి చెరుపు చేస్తుందని నా నిశ్చితాభిప్రాయం.

పక్షవాత తీవ్రతను కొలిచే అమెరికా మానంలో గరిష్ఠ సంఖ్య 42. 5 గాని అంతకు తక్కువ గాని వస్తే సాధారణంగా ‘స్వల్పం’ అంటారు. చేయి ఎత్తి నిలపగలరా అని ఆ మానం చూస్తుంది. గుండీ పెట్టగలరా, పొయ్యి ఆర్పడం గుర్తుంటుందా అని చూడదు. ఆ లోటును పట్టుకొని సరిదిద్దడమే ఆక్యుపేషనల్ థెరపిస్టు పని.

వాడుక తప్పిన చేతిని వాడకపోవడమే అలవాటవుతుందని ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. 2006లో వెలువడిన, 222 మందిపై జరిగిన అమెరికా పరిశోధనలో కొందరికి బాగున్న చేతికి రెండు వారాలు తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. మామూలు సంరక్షణ పొందినవారికన్నా వారి చేయి ఎక్కువ మెరుగుపడింది. ఏడాది తరువాత కూడా ఆ మేలు నిలిచింది. (కొంత కదలిక మిగిలినవారికే ఈ పద్ధతి, ఇంట్లో సొంతంగా ప్రయోగించరాదు.)

ఇక్కడి థెరపిస్టు ఫోర్కు పట్టడం నేర్పుతుంది. ఆమె తప్పేమీ లేదు, మనం చెప్పనిదే ఆమెకెలా తెలుస్తుంది? “మా అమ్మకు పప్పన్నం కలుపుకోవాలి, కుచ్చిళ్ళు పోసుకోవాలి, తిరగమోత వేయాలి” అని మొదటి రోజే చెప్పాలి. ముద్ద చేయడంలో ఐదు వేళ్ళూ ఒకదాని మాట ఒకటి వింటాయి. అంతకు మించిన వ్యాయామం ఏముంది? అయితే చల్లారిన అన్నంతోనే ఆరంభించాలి. స్పర్శ తగ్గిన వేళ్ళకు కాలినా తెలియదు.