గడి అమ్మకానికి ఉంది

తెలంగాణ పల్లెలో గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, అమ్మకానికి వచ్చిందంటే మొదట దర్వాజాలకు బేరం కుదురుతుంది. నగిషీ తలుపులు, టేకు స్తంభాలు, దూలాలు హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకు తరలిపోతాయి. తర్వాత రాళ్లు పోతాయి. చివరికి మిగిలిన జాగా గజాల లెక్కన ప్లాట్లవుతుంది. గుప్తనిధుల ఆశతో ఎవరో ఒకరు అంతకుముందే అర్రలు తవ్విపోసి ఉంటారు, అది వేరే సంగతి.

అమ్ముకునే వారసులను తప్పుపట్టలేం. దొరల పెత్తనం మీద రైతుకూలీలు కదిలిన 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత చాలామంది దొరలు ఊళ్లు వదిలి పట్నం చేరారు. తాళం పడిన ఇల్లు కురుస్తూనే ఉంది, వాటాదారులు పెరుగుతూనే ఉన్నారు. డంగుసున్నంతో లేపిన ఆ మందపాటి రాతిగోడలకు మరమ్మతు చేయడం తేలిక కాదు. సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారిలేక గోడ పొరలు పొరలుగా రాలుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకడం లేదు. స్తోమత ఉన్న కుటుంబం పూనుకుంటే ఏమవుతుందో దోమకొండలో చూశాం. కామినేని వంశీకులు బాగుచేయించిన ఆ గడికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కాలేజీ అయి బతికింది. అన్ని గడులకూ ఆ అదృష్టం లేదు.

అసలు ఎందుకు నిలపాలి అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. నడిమి వాకిలి, చుట్టూ స్తంభాల వసారా, వెనక బావి, పూలతోట చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ఆ వాకిలి ఊడ్చినవాళ్లకు, ఆ తోటకు నీళ్లు తోడినవాళ్లకు కూలి ముట్టలేదు. వెట్టి అంటే అదే. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చిన తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సాయుధ పోరాటం అక్కడినుంచే రాజుకుంది. గడి లోపలి లోకం ఎట్లా ఉండేదో దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే నిలపాలంటున్నాం. గడి నేలమట్టమైతే దొరకు పోయేదేమీ లేదు, ఆయన వాటా డబ్బు ఆయనకు ముడుతుంది. ఏ గడప దగ్గర చెప్పులు విప్పి చేతబట్టుకున్నారో, ఏ అర్రలో దొరల ఇంటి దాసీలైన ఆడబాపల బతుకులు తెల్లారాయో చూపించడానికి మాత్రం ఊరికి ఏమీ మిగలదు. కొనేవాళ్లకూ ఒక మాట. రిసార్టు పెట్టుకోండి, అభ్యంతరం లేదు. ఆడబాప పడుకున్న అర్రకు ‘రాణివాసం సూట్’ అని బోర్డు తగిలిస్తే మాత్రం ఊరుకోం.

గడి ఏదైనా రిజిస్ట్రేషన్‌కు వెళ్లే ముందే వారసత్వ శాఖ దాని కొలతలు తీయించాలి, నక్షా గీయించాలి, ఫోటోలు భద్రపరచాలి. అమ్మకాన్ని ఆపమని మేం అడగడం లేదు.

ఇక పాఠకులకు. గడిలో వెట్టి చేసినవాళ్లు, చూసినవాళ్లు మీ ఇళ్లలో ఇంకా ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, ఊరి పేరుతో మాకు పంపండి. వచ్చినవి వచ్చినట్టు అచ్చు వేస్తాం.