మజూరీ నాకెందుకివ్వరు?

"ఎన్ని గ్రాములుంటుందండీ?" నేను చేసిన ఉంగరం చేతిలోకి తీసుకోగానే పక్కింటావిడ అడిగిన మొదటి ప్రశ్న. మూడు గ్రాములన్నాను. "మరి అంత రేటా!" అంటూ తిరిగిచ్చేసింది.

నేను వాడేది వెండి మట్టి. పేరుకే మట్టి. సన్నటి వెండి పొడి, బంక, నీళ్లు కలిపిన ముద్ద. 1990 ప్రాంతంలో జపాన్‌లో తయారైంది. చపాతీ పిండిలా ఒత్తి, గుండ్రటి కర్రకు చుట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, చిన్న గ్యాస్ టార్చితో కాలుస్తాను. ముందు కాస్త పొగ, మంట. అది బంక కాలడం. తర్వాత ఉంగరం నారింజ రంగుకు తిరుగుతుంది. అక్కడ ఏమరితే 961 డిగ్రీలకి వెండి కరిగి గుండైపోతుంది. నాకు రెండుసార్లయింది! చల్లారాక సున్నంలా తెల్లగా ఉంటుంది. ఇత్తడి బ్రష్షుతో తోమితేనే మెరుపు.

కాలితే పది శాతం దాకా కుంచించుకుపోతుంది కూడా. మా అమ్మాయి ఉంగరం వేలికని చేసింది చిటికెన వేలికే పట్టింది. ఇప్పుడు రెండు మూడు సైజులు పెద్దవే చేస్తున్నా.

లోటు దాచను. పోతపోసిన వెండంత గట్టిది కాదు. మాటిమాటికీ సాగదీసి నొక్కే మెట్టెలకు పనికిరాదు, అడిగినవాళ్లకు వద్దనే చెబుతాను.

కానీ షాపువాడు తరుగు, మజూరీ అంటే కిక్కురుమనకుండా ఇచ్చే మనం, ఇంట్లో ఆడమనిషి చేసిందనేసరికి వెండి ధరే ఎందుకు లెక్కగడతాం? ఆ ముద్ద ఖరీదే మామూలు వెండికన్నా చాలా ఎక్కువ. నా రెండు మధ్యాహ్నాలో? "ఊరికే కూర్చుని చేసిందేగా" అట!

నిన్న ఆవిడే మళ్లీ వచ్చింది, కోడలి పుట్టినరోజుకు కావాలంటూ. వెండి ఇంత, మజూరీ ఇంత అని విడివిడిగా రాసి చీటీ చేతికిచ్చాను.