పుట్టింటి పేరు లేని వంశవృక్షములు

మన ప్రాంతపు తెలుగు కుటుంబములవారు ప్రత్యేక సంచికలయందు వంశవృక్షములను అచ్చొత్తించుకొనుట నానాటికి అధికమగుచున్నది. మెచ్చదగిన పనియే. కాని ఆ పటములను చదువరులు పరికించి చూచితిరా? ముత్తాత, తాత, తండ్రి, కొడుకు, ఒకరి క్రింద ఒకరు. ఆడువారి జాడ లేదు. కొమ్మలు లేని యీ వస్తువును వృక్షమనుటకంటె ఏటపల్లి అడవిలోని వెదురుగడ యనుట మేలు.

ప్రాణహిత దాటి వచ్చిన సంసారములను నిలిపినవారెవరు? మా నాయనమ్మ చెన్నూరు ప్రాంతమునుండి సిరొంచకు కోడలై వచ్చి, అచ్చటినుండి ఆలపల్లిమీదుగా ఏటపల్లి చేరెను. ఆనాడు నదికి ఆవలి యొడ్డు నిజాము రాజ్యము, ఈవలి యొడ్డు ఆంగ్లేయుల మధ్యపరగణాలు. అక్కడ హాలీ సిక్కా, ఇక్కడ కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారులు. అక్షరము రాని ఆమె యీ మారకమును వ్రేళ్లమీద లెక్కించి దుకాణదారునకే తప్పు చూపెడిది. తాతగారు కలప కూపులలో నెలల తరబడి యుండగా, ఉప్పు కొలిచి ఇప్పపువ్వు పుచ్చుకొనుచు మాడియా స్త్రీలతో వారి భాషలోనే బేరమాడెడిది. బడిలో మేము మరాఠీ చదివితిమి. ఇంట మాత్రము తెలుగున అడిగిననే గాని అన్నము వడ్డించెడిది కాదు. తెలుగు పంతులు లేని యూరిలో మాకు మాట మిగిలినది ఆ పళ్లెమువద్దనే. (అక్షరములను తరువాత సిరొంచ పెద్దలయొద్ద దిద్దుకొంటిని.)

అట్టి యామె పేరు రేషను కార్డులో ఎట్లున్నది? ఇచ్చటి పద్ధతిని తన పేరు, భర్త పేరు, భర్త ఇంటిపేరు. పుట్టింటి పేరు మాసిపోయెను. పట్టికలు నింపుచు ఉద్యోగము ముగించినవాడను. కాగితముపై గడి లేనిచో మనిషియే లేనట్లని యెరుగుదును. మహారాష్ట్ర ప్రభుత్వమైనను 2024 మే 1 నుండి పుట్టిన బిడ్డల పేర్లలో తండ్రి పేరుకు ముందు తల్లి పేరు చేర్చవలెనని నిర్ణయించినది. సర్కారు కదలినది. మనము కదలలేదు.

ఇటలీ దేశపు స్త్రీలు వివాహానంతరమును పుట్టింటి పేరునే నిలుపుకొందురు. 20వ శతాబ్ది ఆరంభమున అమెరికాకు వలసపోయినవారిలో అనేకులు ఓడ పట్టికలలో ఆ పేరుతోనే కనబడుదురు. కావున న్యూయార్కులోని మునిమనుమలు తమ అవ్వ పుట్టిన పల్లెను వెదకి పట్టగలుగుచున్నారు. మన మునిమనుమలు నది దాటి పోయి ఏ యింటి తలుపు తట్టవలెను?

“గోత్రము పురుషునిది, స్త్రీ పేరు వ్రాయుట ఆచారము కాదు” అని కొందరు పెద్దలు వాదింతురు. ఎవరి యాచారము? ఈ గోదావరీతీరము నేలిన శాతవాహన ప్రభువులు తల్లి పేరు ముందుంచుకొని గౌతమీపుత్రుడని, వాసిష్ఠీపుత్రుడని ప్రసిద్ధులైరి. మనుమడు పులుమావి రాజ్యకాలమున గౌతమీ బాలశ్రీ తన కుమారుని కీర్తిని చాటించిన శాసనము నాసిక్ గుహలో నేటికిని కలదు. రాజులకు లేని సిగ్గు, రెండెకరముల పొలమును రేకుల యిల్లును గల మనకెందులకు?

వచ్చు సంచికకై కుటుంబములకు పంపు పత్రములో రెండు గళ్లు చేర్చవలెను: అవ్వ పుట్టింటి పేరు, పుట్టిన ఊరు. జాప్యము కూడదు, ఆ పేర్లు చెప్పగల ముసలివారు ఏటేట తగ్గుచున్నారు. స్థలము చాలదని సంపాదకులందురేని, దాతల ఛాయాచిత్రములలో ఒక పుట తగ్గింపవచ్చును.