రోగం రాకముందే పనిచేసే ఉద్యోగాలు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన నాటి నుండి ఓ.పి. వరండాలోనూ, ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలోనూ ఒకటే ప్రశ్న వినబడుతుంది: "పిల్లవాణ్ణి దేంట్లో చేర్పిస్తున్నారు?" జవాబులు కూడా నాలుగైదే. కంప్యూటర్ ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, ర్యాంకు వస్తే ఎం.బి.బి.ఎస్. ఇవన్నీ మంచి చదువులే. అయితే నీటిని, గాలిని, చెత్తను చూసుకునే చదువుల పేరు మాత్రం ఎవరి నోటా రాదు. ఆసుపత్రికి వచ్చే రోగాలలో చాలావాటికి మూలం అక్కడే ఉంది కనుక ఈ సంగతి మన ఆరోగ్య పత్రికలో ప్రస్తావించడం అవసరమని నా అభిప్రాయం.

ఫ్లోరోసిస్‌నే తీసుకోండి. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లో వైద్యులు మొదట రాసింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు పల్లెలను చూసే. తరువాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార పడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంగుతాయి. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మాత్ర ఏ డాక్టరు దగ్గరా లేదు. నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు. ఆ ఊరి బిడ్డను కాపాడగలిగేది నీటిని పరీక్షించే కెమిస్టు, మంచినీటి పైపు వేయించే ఇంజనీరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే 'నల్గొండ పద్ధతి'ని రూపొందించింది కూడా నాగపూర్‌లోని నీరి సంస్థకు చెందిన పర్యావరణ శాస్త్రవేత్తలే.

మలేరియా కథా ఇంతే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రోగికి మందు ఇస్తే చాలదని, ఊళ్లో నిలిచిన నీటి సంగతి కూడా చూడాలని అప్పటి నుండి మనకు తెలుసు. తెలిసినా ఆ పని చేసే మనుషులు చాలినంత మంది లేరు.

ఏమేమి పనులున్నాయి?

పదో తరగతి తరువాత ఐ.టి.ఐ. చేసినవారికి సోలార్ పలకలు బిగించి, మరమ్మతు చేసే పనిలో శిక్షణ ఉంది. ఇంటర్ చదివినవారికి శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సులున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు ఏర్పడినప్పుడు పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి పోస్టు ప్రత్యేకంగా పెట్టారు. సివిల్, కెమికల్ ఇంజనీరింగ్ చదివినవారిని, ఎం.ఎస్సీ. చేసినవారిని కాలుష్య నియంత్రణ మండళ్లు ఇంజనీర్లుగా, ఎనలిస్టులుగా తీసుకుంటాయి. ఆంధ్రా యూనివర్సిటీలోనూ, హైదరాబాద్ జె.ఎన్.టి.యు.లోనూ పర్యావరణ విభాగాలున్నాయి.

ఫ్యాక్టరీలలో మురుగునీటి శుద్ధికి, భద్రతకు మనుషులు కావాలి. వారి పని ఎంత విలువైనదో విశాఖపట్నం చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ట్యాంకులో ఉష్ణోగ్రతను సరిగా గమనించకపోవడం కూడా ఒక కారణమని ప్రభుత్వం నియమించిన కమిటీ తేల్చింది.

ఆసుపత్రులలో కూడా ఈ పని ఉంది. 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం పెట్టెలో వేరు చేయాలి. శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి నిలవ ఉంచరాదు. వీటిని నడిపించడానికి చదువుకున్న బాధ్యత గల మనిషి ఉండాలి. లేకపోతే ఆ సూది చెత్త ఏరుకునే పిల్లవాడి చేతిలో దిగుతుంది.

"మళ్లీ చెత్తలోకేనా?"

ఈ మాట చాలామంది తల్లిదండ్రులు పైకి అనకపోయినా మనసులో అనుకుంటారు. "మా తాతలు చీపురు పట్టారు. మా పిల్లలు పట్టకూడదనే రెక్కలు ముక్కలు చేసుకుని చదివించాం." ఈ బాధ న్యాయమైనది. ఊరి మురికి ఎత్తే పనిని కొన్ని కులాల నెత్తిన రుద్దినది మన సమాజమే. మనిషి చేత మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించినా, మురుగు గుంటల్లో దిగి చనిపోయేవారి వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం.

కాని నేను కోరేది పిల్లలకు మళ్లీ చీపురు ఇమ్మని కాదు. ఏ యంత్రం కొనాలో, కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు ఎందుకు ఇవ్వలేదో అడిగే కుర్చీలో మన పిల్లలు కూర్చోవాలి. ఆ కష్టం తెలిసిన ఇంటి బిడ్డ అక్కడ ఉంటే ప్రశ్న అడిగే తీరే వేరుగా ఉంటుంది. కోలార్ బంగారు గనుల ఊరిలో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ చదువుకుని, ఆ దురాచారాన్ని తొలగించడానికే జీవితం ధారపోశారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

చేరేముందు ఆలోచించవలసినవి

ఈ దారిలో ఇబ్బందులూ ఉన్నాయి. ప్రభుత్వ నోటిఫికేషన్లు అరుదుగా వస్తాయి. చాలా ఉద్యోగాలు కాంట్రాక్టువి, మొదటి జీతం తక్కువ. అందుచేత డిగ్రీలో కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, సివిల్ ఇంజనీరింగ్ వంటి గట్టి సబ్జెక్టు ఒకటి చదివి, పర్యావరణాన్ని పి.జి.లో తీసుకోవడం మేలని నా సలహా. ఒక తలుపు మూసుకున్నా ఇంకొకటి తెరిచి ఉంటుంది. ఆకర్షణీయమైన పేరు పెట్టిన కోర్సుకు ఫీజు కట్టేముందు, దానికి గుర్తింపు ఉందా, గత ఏడాది చదివినవారు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. జవాబు తడబడితే చేరవద్దు.

ఆసక్తి ఉన్న పిల్లలను ఈ సెలవుల్లో అనుమతి తీసుకుని మీ పట్టణంలోని మంచినీటి శుద్ధి కేంద్రానికి తీసుకువెళ్లండి. మీ గ్రామంలో జల్ జీవన్ మిషన్ కింద నీటిని పరీక్షించడానికి శిక్షణ పొందిన మహిళలుంటే, వారు పరీక్ష చేస్తుండగా పిల్లలను చూడనివ్వండి. చర్చిలో, బడిలో సన్మానాలు చేసేటప్పుడు డాక్టరైన బిడ్డతో పాటు శానిటరీ ఇన్‌స్పెక్టరైన బిడ్డనూ వేదిక మీదికి పిలవండి.

విరేచనాలతో వచ్చిన బిడ్డకు సెలైన్ ఎక్కించి ఇంటికి పంపుతాం. ఆ బిడ్డ తిరిగి వెళ్లి తాగేది అదే బోరు నీళ్లు. ఆ బోరు దగ్గర నిలబడవలసిన మనిషి ఈ సంవత్సరం మీ ఇంట్లోనే ఇంటర్ పాసై ఉండవచ్చు.