ఇన్నేళ్ళూ ఏం చేశారు?

పిల్లల కోసం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, మళ్ళీ ఇంటర్వ్యూకి వెళ్ళే ఆడవాళ్ళకి మొదట ఎదురయ్యేది ఈ ప్రశ్నే. నన్నడిగితే, దీనికి జవాబు ఓపెన్ సోర్స్‌లో తయారుచేసుకోవచ్చు. అక్కడ గ్యాప్ ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. మీ కోడ్ పనిచేస్తోందా లేదా అనే చూస్తారు.

ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ లాంటివాటి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. మీరు వాడే ప్రాజెక్టునే ఎంచుకుని, ముందు వాళ్ళ నియమాలు చదవండి. గిట్‌హబ్‌లో ఉన్న చాలా ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ళకోసం 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని గుర్తుపెట్టిన చిన్న పనులుంటాయి. ఒకటి తీసుకుని, ప్రాజెక్టుని మీ ఖాతాలోకి ఫోర్క్ చేసి, విడిగా ఓ బ్రాంచ్‌లో సరిచేసి, టెస్టులు నడిపి, పుల్ రిక్వెస్ట్ పంపండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో రెండు ముక్కలు రాయండి. సవరణలు చెప్పి తిప్పి పంపితే చిన్నబుచ్చుకోకండి, అనుభవమున్నవాళ్ళకీ అది మామూలే.

జీతంలేని చాకిరీ ఇంట్లో ఉన్నది చాలదా అంటారా? నిజమే. అందుకే వారానికి ఇన్ని గంటలేనని ముందే గీత గీసుకోండి. డబ్బొచ్చే దారీ ఉంది. 2006లో గ్నోమ్ ప్రాజెక్టు మహిళల కోసం మొదలుపెట్టిన ప్రయత్నమే ఇవాళ్టి ఔట్‌రీచీ. ఇంటినుంచే చేసే ఈ ఇంటర్న్‌షిప్‌కి స్టైపెండ్ ఇస్తారు.

ఒప్పుకున్న ప్రతి మార్పూ మీ పేరుతో, తేదీతో సహా నమోదవుతుంది. మన ఇంటిపనికి ఆ భాగ్యం ఎప్పుడైనా దక్కిందా?