బొమ్మలోని ఆశ ఎవరి ఖాతాలోకి?

2020 వేసవిలో బడులు మూతపడ్డాక మన పిల్లలు తెగ బొమ్మలు వేశారు. భూగోళానికి మాస్కు తొడిగిన బొమ్మ. భూగోళాన్ని రెండు చేతుల్లో పట్టుకున్న డాక్టరు బొమ్మ. కోరలున్న పచ్చటి ముళ్ళబంతిని సిరంజితో పొడుస్తున్న నర్సు బొమ్మ. వెనకాల ఇంద్రధనుస్సు, కింద 'మనం గెలుస్తాం' అని వంకరటింకర అక్షరాలు. అదే మార్చిలో ఇటలీ పిల్లలు ఇంద్రధనుస్సులు గీసి, 'అంతా బాగవుతుంది' అని రాసి బాల్కనీలకి వేలాడదీశారు. ఇంగ్లండు పిల్లలు కిటికీ అద్దాలకి అతికించారు.

ఆ బొమ్మలు చూసి పెద్దలు మురిసిపోయారు. "పసి మనసుల్లో ఎంత ఆశ!" అన్నారు. వాట్సాప్‌లో పంపుకున్నారు. పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. దాంతో తమ పని అయిపోయిందనుకున్నారు.

నా వాదన ఒక్కటే. ఆ బొమ్మలు పెద్దలకి ఇచ్చిన ప్రశంసాపత్రాలు కావు. పెద్దల మీద పెట్టిన బాధ్యత. 'మనం గెలుస్తాం' అని పిల్లవాడు రాశాడంటే, గెలవడానికి చెయ్యాల్సిన పని మనం చేస్తున్నామని నమ్మి రాశాడు. మనమేం చేశాం? ఆ నమ్మకాన్ని కొంత దేవుడి ఖాతాలో, కొంత నాయకుల ఖాతాలో, మిగిలింది మందుల వ్యాపారుల ఖాతాలో జమ చేశాం.

ముందు ఆ ముళ్ళబంతి సంగతి చూద్దాం. వైరస్‌ని కంటితో చూసినవాడు ఎవడూ లేడు. మరి ఎక్కడో పల్లెలో ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లకి దాని ఆకారం ఎలా తెలిసింది? 1960లలో లండన్‌లో జూన్ ఆల్మెయిడా అనే ఆవిడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద మనుషులకి సోకే ఈ జాతి వైరస్‌ని మొదటిసారి ఫోటో తీసింది. ఆవిడ గ్లాస్గోలో ఒక బస్సు డ్రైవరు కూతురు. పదహారేళ్ళకే చదువు మానేసి ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరింది. వైరస్ చుట్టూ ఉన్న ముళ్ళు సూర్యుడి చుట్టూ కనిపించే కాంతివలయంలా ఉన్నాయని 1968లో 'కరోనా' అని పేరు పెట్టారు. 2020 జనవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంలోని ఇద్దరు చిత్రకారులు, అలిస్సా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్, బూడిదరంగు బంతికి ఎర్రటి ముళ్ళు పెట్టి ఆ బొమ్మని ప్రపంచానికి ఇచ్చారు. మన పిల్లలు దానికి రంగు మార్చారు, కోరలు పెట్టారు. తర్వాత వచ్చిన టీకాల్లో చాలావాటికి గురి సరిగ్గా ఆ ముళ్ళ మీదే. అంటే పిల్లల బొమ్మలో శత్రువు ఆకారమూ శాస్త్రం ఇచ్చిందే, దాన్ని పొడిచే సిరంజీ శాస్త్రం ఇచ్చిందే. 'దివ్యదృష్టి' ఉన్నవాళ్ళు మన దేశంలో ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కరైనా ఆ ముళ్ళు చూసి చెప్పారా?

లాక్‌డౌన్ మొదటి రోజు 2020 మార్చి 25. ఆ రోజే శార్వరి నామ సంవత్సర ఉగాది. పంచాంగ శ్రవణానికి జనం గుడికి రాలేని ఉగాది ఇది అని ఏ సిద్ధాంతి ముందే చెప్పాడు? తర్వాత మాత్రం కాలజ్ఞానంలో 'కోరంకి' అని ఉంది, అదే కరోనా అని ప్రచారం మొదలయింది. జరిగిపోయాక చెప్పడానికి బ్రహ్మంగారు దేనికి, నేనూ చెబుతాను. జూన్ 21న సూర్యగ్రహణంతో కరోనా పోతుందన్నారు. గ్రహణం వదిలింది, కరోనా వదల్లేదు.

ఇంకో రకం బొమ్మలు కూడా వచ్చాయి. తెల్లకోటు వేసుకుని స్టెతస్కోపు పెట్టుకున్న దేవుడు. ముళ్ళబంతిని త్రిశూలంతో పొడుస్తున్న దుర్గ. పది తలల కరోనా, ఎదురుగా విల్లు ఎక్కుపెట్టిన రాముడు. వీటికి పిల్లల్ని తప్పుపట్టను. చెడు మీద గెలుపు అంటే మనం వాళ్ళకి చూపించిన బొమ్మ అదొక్కటే. నా పేచీ ఆ బొమ్మ కింద పెద్దలు చేర్చిన వ్యాఖ్యతో. "దేవుడే డాక్టరు రూపంలో వచ్చాడు" అన్నారు. అలాగా? 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆపేశారు. జూన్ రెండో వారం దాకా భక్తుల్ని రానివ్వలేదు. అది సరైన నిర్ణయమే. వైరస్ మహిమలకి లొంగదని ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకి తెలుసు. గుళ్ళు మూసినా లోకం నడిచింది. ఆసుపత్రులు మూసి ఉంటే? అయినా రోగి కోలుకోగానే "అంతా స్వామి దయ" అన్నారు. రోగి చనిపోతే మాత్రం "డాక్టర్ల నిర్లక్ష్యం" అని అద్దాలు పగలగొట్టారు. బతికితే దేవుడు, చస్తే డాక్టరు! ఇదెక్కడి లెక్క?

"పాపం, పిల్లల బొమ్మల మీద కూడా మీ హేతువాదమేనా? ఆశ ఉంటే తప్పేమిటి?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆశ ఉంటే తప్పు లేదు. ఆశకీ నమ్మకానికీ తేడా ఉంది. విత్తనం వేసి, నీళ్ళు పెట్టి, పంట కోసం ఎదురుచూడటం ఆశ. విత్తనం వెయ్యకుండా పంట వస్తుందనుకోవడం మూఢనమ్మకం. పిల్లలది మొదటిది. మనం వాళ్ళకి నేర్పుతున్నది రెండోది.

ఎలా నేర్పుతున్నామో ఒక ఉదాహరణ చెబుతాను. ఆ ఏడాది పిల్లలకి ఆన్‌లైన్‌లో ఒక బొమ్మల పోటీ పెట్టారు. అంశం 'కరోనాపై విజయం'. బహుమతులు నిర్ణయించే ముగ్గురిలో నేనొకణ్ణి. ఆరో తరగతి అమ్మాయి ఒకతి పంపిన బొమ్మలో ఇంద్రధనుస్సు లేదు. ఒక సెల్‌ఫోను, దాని చుట్టూ నాలుగు తలకాయలు. పక్కన తాళం వేసిన బడి. బడి ముందు మధ్యాహ్న భోజనం తినే పళ్ళెం, ఖాళీది. కింద ఒక్క ముక్క: 'ఎప్పుడు తెరుస్తారు?'

మొదటి బహుమతి దీనికే ఇవ్వాలన్నాను. "ఇందులో ఆశ లేదు సార్, నెగటివ్‌గా ఉంది" అన్నారు మిగతా ఇద్దరూ. బహుమతి ఇంద్రధనుస్సుకే పోయింది. 'ఎప్పుడు తెరుస్తారు' అన్న మాటలో ఆశ లేదట! తెరుస్తారని నమ్మితేనే కదా ఎప్పుడు అని అడిగేది? ఆ అమ్మాయి చూసింది గీసింది, కావలసింది అడిగింది. బహుమతి పొందిన పిల్లలు పెద్దలకి ఏది నచ్చుతుందో అది గీశారు. ఇలాంటి పోటీలు వంద పెడితే ఏమవుతుంది? అడిగితే బహుమతి రాదు, మెప్పిస్తే వస్తుంది అని పిల్లలకి అర్థమవుతుంది. భజనపరులు తయారయ్యేది ఇలాగే.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చిన్నది కాదు. మన దేశంలో 15 లక్షల బడులు మూతపడ్డాయనీ, 24.7 కోట్ల మంది పిల్లల చదువు దెబ్బతిన్నదనీ యునిసెఫ్ లెక్క చెప్పింది. 2021 ఆగస్టులో జాన్ డ్రెజ్, ఇంకొందరు కలిసి 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1,400 మంది పేద కుటుంబాల పిల్లల్ని కలిసి సర్వే చేశారు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగుతున్నవాళ్ళు 8 శాతం. అసలు చదువే లేనివాళ్ళు 37 శాతం. బొమ్మని ఫోటో తీసి పోటీకి పంపాలన్నా ఫోను కావాలి కదా! కాబట్టి మనం చూసి మురిసిపోయిన ఆశ అంతా ఫోనున్న ఇళ్ళ ఆశ.

2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప తోటల్లో కూలికి వచ్చిన పన్నెండేళ్ళ పిల్ల, బండ్లు లేక, ఛత్తీస్‌గఢ్‌లోని సొంత ఊరికి నడిచి వెళుతూ దారిలో చనిపోయింది. ఆ పిల్ల వేసిన బొమ్మ ఏ పోటీకీ రాలేదు.

ఇక ఆశ పేరుతో పెద్దలు చేసిన పనులు చూడండి. మార్చి 22 సాయంత్రం అయిదింటికి చప్పట్లు కొట్టాం, పళ్ళాలు మోగించాం. ఆ చప్పుడు కంపనాలకి వైరస్ చస్తుందని చదువుకున్నవాళ్ళే మెసేజీలు పంపారు. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దీపాలు పెట్టాం. మే 3న హెలికాప్టర్లతో ఆసుపత్రుల మీద పూలు చల్లించాం. పిల్లలు ఇవన్నీ కూడా బొమ్మలు వేశారు. కృతజ్ఞత చెప్పడం తప్పని నేననను. కానీ కృతజ్ఞత జీతానికి బదులా? ఇంటింటికీ తిరిగి జ్వరాలు లెక్కరాసిన ఆడవాళ్ళని 'ఆశా' వర్కర్లు అంటాం. పేరులోనే ఆశ! వాళ్ళకి ఇచ్చేదాన్ని జీతం అనలేదు, ప్రోత్సాహకం అన్నాం. సరైన మాస్కులు, గ్లౌజులు ఇవ్వండి, జీతం పెంచండి అని 2020 ఆగస్టులో లక్షల మంది ఆశా వర్కర్లు సమ్మె చెయ్యాల్సి వచ్చింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకి పురస్కారం ఇస్తే అందరూ అభినందనలు చెప్పారు. పళ్ళెం మోగించడం తేలిక, పళ్ళెంలో అన్నం పెట్టడం కష్టం.

వ్యాపారులు ఊరుకుంటారా? 2020 జూన్ 23న పతంజలి 'కరోనిల్'ని కరోనాకి మందు అని విడుదల చేసింది. ప్రకటనలు ఆపమని ఆయుష్ శాఖ చెప్పాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో అదే మందుకి మళ్ళీ సభ పెడితే, స్వయంగా డాక్టరైన కేంద్ర ఆరోగ్య మంత్రి వేదిక మీద కూర్చున్నాడు. మన వైపు చూస్తే, 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. కరోనా తగ్గించే మందు కోసం కరోనా అంటించుకునే క్యూ! అది పనిచేస్తుందన్న రుజువు లేదు. అయినా కంటి చుక్కలు తప్ప మిగతావి పంచుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. అదే నెల 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారు. జూలై 20న రాజ్యసభలో కేంద్ర ప్రభుత్వం, ఆక్సిజన్ కొరత వల్ల చనిపోయారని రాష్ట్రాలు ప్రత్యేకంగా ఏమీ తెలియజేయలేదని చెప్పింది. ఆ 11 మంది పిల్లలు ఏ బొమ్మ గీయాలి?

శాస్త్రాన్ని కూడా దేవుణ్ణి చెయ్యమని నేను చెప్పడం లేదు. హైదరాబాదులో తయారైన కొవాగ్జిన్‌కి 2021 జనవరి 3న, మూడో దశ పరీక్షల ఫలితాలు రాకముందే అనుమతి ఇచ్చారు. ఆధారాలేవి అని అడిగినవాళ్ళని దేశభక్తి లేదని కొందరు దబాయించారు. తర్వాత ఫలితాలు వచ్చాయి, టీకా పనిచేస్తుందని తేలింది. అంతమాత్రాన ఆ ప్రశ్న తప్పయిపోదు. ప్రశ్నకి జవాబు దొరికాక మిగిలేదే అసలైన ఆశ.

అలాంటి ఆశ ఫలించిన సంగతి మన ఇళ్ళల్లోనే ఉంది. మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అనేవాళ్ళు. వేపమండలు కట్టేవాళ్ళు, పోలేరమ్మకి కోళ్ళు కోసేవాళ్ళు. తరతరాలుగా కోశారు, మశూచి పోలేదు. టీకాలు వేసేవాళ్ళు ఊరూరా తిరిగితే 1975 నాటికి మన దేశం నుంచి పోయింది. 1980 మే 8న ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇప్పటి పిల్లలకి ఆ 'అమ్మవారు' ఎలా ఉంటుందో తెలియదు. ఇంత జరిగాక కూడా 2021 మేలో కోయంబత్తూరులో 'కరోనా దేవి' విగ్రహం పెట్టి పూజలు చేశారు. పాత అమ్మవారిని టీకా పంపించేస్తే, కొత్త అమ్మవారిని మనం పిలుచుకొచ్చాం!

ఇప్పుడు చెయ్యాల్సిందేమిటి? బొమ్మల పోటీలు మానెయ్యనక్కర్లేదు. 'విజయం' అని అంశం ముందే నిర్ణయించకండి. 'నువ్వు ఏం చూశావు? నీకు ఏం కావాలి?' అని అడగండి. డాక్టరుని దేవుడిలా గీసిన పిల్లవాడికి బహుమతి ఇచ్చేటప్పుడు, టీకా ఎలా కనుక్కుంటారో కూడా చెప్పండి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణంలో 1976 నుంచీ ఉంది. అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయింది.

ఇంకో పని ఉంది. 2020 ఏప్రిల్ నుంచి 2022 జనవరి దాకా, కోవిడ్ వల్లా ఇతర కారణాల వల్లా, తల్లినో తండ్రినో ఇద్దరినీనో పోగొట్టుకున్న పిల్లలు 1,47,492 మంది అని జాతీయ బాలల హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకి చెప్పింది. అందులో 1,36,910 మంది ఒక్కరిని పోగొట్టుకున్నవాళ్ళు. ఇద్దరూ పోయినవాళ్ళకి కేంద్రం 10 లక్షల పథకం పెట్టింది. తండ్రి పోయి తల్లి కూలికి పోతున్న ఇంటికి అది వర్తించదు. మీ జిల్లాలో అలాంటి పిల్లలు ఎంతమంది? వాళ్ళలో బడి మానేసినవాళ్ళు ఎంతమంది? ఎవరికి ఏ సాయం అందింది? సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఖర్చు. కలెక్టరాఫీసుకి దరఖాస్తు పెట్టండి. జవాబు వచ్చాక దాన్ని నలుగురికీ చెప్పండి. ఆ జవాబు రాకుండా ఇంద్రధనుస్సుల గురించి మాట్లాడే అర్హత మన పెద్దవాళ్ళకి లేదు.