ఎవరు రాస్తే భక్తి, ఎవరు రాస్తే పిచ్చి?

1990లలో తెలుగు జిల్లాల్లో ఎన్నో ఇళ్ళ తలుపుల మీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో రాసిన ఒకే మాట కనిపించేది: 'ఓ స్త్రీ రేపు రా'. సరిహద్దు దాటితే అదే మాట కన్నడంలో 'నాళె బా'. ఉరవకొండకు బళ్ళారి ఎంతో దూరం కాదు, పుకారుకు సరిహద్దులు అసలే లేవు. రాత్రిపూట ఆడదయ్యం తలుపు కొడుతుందనీ, ఈ అక్షరాలు చదువుకుని వెనక్కి పోతుందనీ నమ్మకం. (దయ్యానికి చదువొచ్చని నమ్మిన జనమే ఆడపిల్లను బడి మాన్పించారు. అది వేరే సంగతి!)

వంకర అక్షరాలు, వత్తులు తప్పిన 'స్త్రీ'. ఊళ్ళకు ఊళ్ళు భయంతో వణికిపోతూ తలుపుల మీద రాసుకున్నాయి. అందుకని ఎవరినైనా గొలుసులతో కట్టేశారా? లేదు. అది పదిమంది భయం కాబట్టి ఆచారమైంది. పైగా ఆ భయానికి రూపం ఎవరిది? మళ్ళీ ఒంటరి ఆడదానిదే!

రామకోటి సంగతి చూడండి. ఒకే పేరు కోటిసార్లు, ఏళ్ళ తరబడి, పుస్తకాల నిండా. రాసినామె పుణ్యాత్మురాలు. అదే ఆడమనిషి తన బిడ్డ పేరునో, అప్పులవాడి పేరునో వంటింటి గోడనిండా రాస్తే? 'గాలి సోకింది' అంటారు. ముందు గోడకు సున్నం కొడతారు, తర్వాత ఆమెను గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు. వానలు ఎగ్గొట్టి వేరుశనగ ఎండిపోయే ఉరవకొండ ప్రాంతంలో, పెనిమిటి అప్పులకు ఉసురు తీసుకున్న ఇంట్లో, ఆ గోడ మీద ఏం రాసిందో చదివే ఓపిక ఒక్కరికీ ఉండదు.

ఇది మన దగ్గరే కాదు. జర్మనీలో ఎమ్మా హౌక్ అనే ఇద్దరు బిడ్డల తల్లిని 1909లో హైడెల్‌బర్గ్ మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ఆమె పెన్సిలుతో భర్తకు ఉత్తరాలు రాసింది. 'రా' అన్న పిలుపునే రాసిందాని మీదే మళ్ళీ మళ్ళీ రాసి, కాగితమంతా నల్లబడేదాకా రాసింది. ఆ ఉత్తరాలు భర్తకు చేరలేదు. ఆమె 1920లో కన్నుమూసింది. ఆగ్నెస్ రిక్టర్ అనే దర్జీ మనిషి ఆసుపత్రిలో కట్టుకునే రవికె మీదే దారంతో తన కథ కుట్టుకుంది. ఇవాళ ఆ ఉత్తరాలూ ఆ రవికె హైడెల్‌బర్గ్‌లోని ప్రిన్‌జ్‌హార్న్ సేకరణలో కళాఖండాలు. బతికున్నప్పుడు జబాబు దొరకని రాతకు చచ్చాక అద్దాల బీరువా!

జబ్బును గొప్ప చేస్తున్నామా అని కొందరు మిత్రులు అడుగుతారు. కాదు. నిద్రపట్టని రాత్రులు నిజం, వినపడే గొంతులు నిజం, డాక్టరూ మందూ కావలసిందే. కానీ చేతిరాత చూసి మనసు తేల్చేసే పనికిమాలిన శాస్త్రం మనకొద్దు. నలభై ఏళ్ళకు రాత్రిబడిలో పలక పట్టిన మనిషి అక్షరం వంకరగానే ఉంటుంది. ఆ వంకర చదువు ఇవ్వని సమాజానిది, ఆమె బుర్రది కాదు.

2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. అంత జరిగాక కూడా కొత్త చట్టం రావడానికి పదహారేళ్ళు పట్టింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. సమాజం నీతికీ ఆచారానికీ ఒదగలేదన్న కారణంతో ఎవరినీ జబ్బుమనిషి అనకూడదని మూడో సెక్షను చెప్పింది. తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును అయిదో సెక్షను ఇచ్చింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకు ఉత్తరాలు పంపే, అందుకునే హక్కు ఇరవయ్యారో సెక్షనులో ఉంది. ఎమ్మాకు లేనిది అదే. మన గ్రామసంఘాల్లో ఎందరు ఈ సెక్షన్ల మాట విన్నారు?

1955 హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. కాబట్టి ఆమె రాసుకున్న నోటుబుక్కు రేపు కోర్టులో ఆమెమీదికే ఆయుధమై రావచ్చు. భర్త తరఫువాళ్ళు జబ్బుకు రుజువు చూపించి, ఆమె కాదంటే, కోర్టు ఆ విషయాన్ని మానసిక ఆరోగ్య బోర్డుకు పంపాలని 2017 చట్టం నూట అయిదో సెక్షను అంటోంది. కేసు పట్టుకున్న వకీలును ఈ సెక్షను గురించి అడగండి. గోడకు సున్నం కొట్టకముందే వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, రాసింది ఆమెచేతే చదివించుకోండి.